పితరులు ఉండే ఇల్లు

2024 సెప్టెంబర్ 17న మా ఎదురు ఫ్లాట్‌లో చుసక్ పండగ జరిగింది. కొరియా వాళ్ళకి అది మన సంక్రాంతి లాంటిది. కొత్త పంట, సొంత ఊరు, పెద్దలకు పెట్టుకోవడం, అన్నీ ఆ రోజే. పిల్లల్ని పిలవడానికని వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయాను. హాల్లో గోడకి ఆనించి పొడుగాటి బల్ల, దాని మీద వరసలు వరసలుగా పళ్ళేలు. వెనకాల నిలబెట్టిన కాగితపు చీలికలు. ఫొటో ఒక్కటీ లేదు.

"మీ నాన్నగారిదా?" అని అడిగాను.

"నాన్న, తాత, తాత నాన్న, ఆయన నాన్న. నాలుగు తరాలు" అన్నాడాయన. ఎర్రటి పళ్ళు తూర్పున, తెల్లటివి పడమర. చేప తూర్పున, మాంసం పడమర. అయితే ఆ గోడ నిజానికి ఉత్తరం గోడ కాదు. పెద్దలు కూర్చున్న వైపే ఉత్తరం అనుకోవాలట, మిగతా దిక్కులు దాన్ని బట్టే. ఊళ్ళో అయితే ఎండు రేగుపళ్ళు పెడతారట, ఇక్కడ దొరక్క ఖర్జూరాలు పెట్టాడు. అల్ ఐన్‌లో ఇంకేం దొరుకుతాయి! అంతా అయ్యాక ఆ కాగితాలు కాల్చేస్తారని చెప్పాడు.

మర్నాటి నుంచే మనకు మహాలయ పక్షం. ఆ ఏడాది అమావాస్య అక్టోబర్ 2న వచ్చింది. సెల్‌ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి, అవతల గుంటూరులో పురోహితుడు చెబుతుంటే ఇవతల నేను దక్షిణం వైపు తిరిగి నువ్వులూ నీళ్ళూ వదులుతున్నాను. నాన్న, తాత, ముత్తాత, ముగ్గురి పేర్లూ గడగడా చెప్పాను. ఆడవాళ్ళ వరస వచ్చింది. నాయనమ్మ పేరు చెప్పాను. "ఆవిడ అత్తగారు?" అన్నాడాయన. నోరు పెగల్లేదు. "పర్లేదు బాబూ, తెలిసినవాళ్ళకి వదలండి" అని ముందుకెళ్ళిపోయాడు. బాల్కనీలో పెట్టిన పిండానికి కాకి రాలేదు, మైనాలు వచ్చాయి. దానికేం అనిపించలేదు గానీ, ఆ పేరు దగ్గర ఆగిపోవడం మాత్రం చాలా రోజులు బాధపెట్టింది.

అప్పట్నుంచీ ఒక ప్రశ్న పట్టుకుంది. పోయినవాళ్ళకి ఇల్లు కడితే అది ఎలా ఉంటుంది? అందులో ఎంతమందికి చోటు? నిండిపోతే ఎవరు బయటికి పోవాలి?

*

దీనికి పాత జవాబు ఒకటి మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలోనే ఉంది. హిలీ పురావస్తు పార్కులో గడ్డి మధ్య గుండ్రంగా ఒక రాతి కట్టడం ఉంటుంది. దాన్ని హిలీ మహాసమాధి అంటారు. వ్యాసం 12 మీటర్లు, వయసు 4000 ఏళ్ళ పైమాటే. చెక్కి నునుపు చేసిన పెద్ద పెద్ద సున్నపురాళ్ళు, లోపల అడ్డగోడలతో గదులు, రెండు ద్వారాలు. ద్వారాల దగ్గర రాతి మీద మనుషుల బొమ్మలు, పొడుగు కొమ్ముల ఒరిక్స్ జింకలు కనిపిస్తాయి. హఫీత్ కొండ కింది సమాధులు ఇంకా పాతవి, 5000 ఏళ్ళ నాటివి. ఇవన్నీ కలిపి 2011లో యునెస్కో జాబితాలోకి ఎక్కాయి.

హిలీ నాటి జనం సమాధిని ఒక్కరి కోసం కట్టలేదు. ఊరంతటికీ, తరతరాలకీ అదే. కొత్తగా ఒకరు పోతే పాత ఎముకల్ని పక్కకు జరిపి చోటు చేసేవాళ్ళు. అక్కడే ఒక గుంటలో ఆరు వందల మందికి పైగా ఎముకలు కలగలిసి దొరికాయి. ఎవరు రాజో, ఎవరు కూలివాడో ఇప్పుడు చెప్పలేం. కొత్తవాళ్ళు వస్తే పాతవాళ్ళు జరగాలి, అంతే లెక్క.

ఇది చదివినప్పుడు నాకు మన సపిండీకరణం గుర్తొచ్చింది. మనకు పితృస్థానంలో ముగ్గురికే చోటు: తండ్రి వసు రూపం, తాత రుద్ర రూపం, ముత్తాత ఆదిత్య రూపం. కొత్తగా పోయినవాడి పిండాన్ని ముగ్గురి పిండాల్లో కలిపిన రోజున వరస ఒక మెట్టు జరుగుతుంది. అంతవరకు ముత్తాత స్థానంలో ఉన్నాయన పిండం అందుకునే అర్హత కోల్పోతాడు. ఆయనతో మొదలుపెట్టి పై మూడు తరాల వాళ్ళని లేపభాజులు అన్నారు. అంటే పిండం పెట్టాక చేతికి అంటుకున్న మెతుకులు దర్భలకు తుడుస్తాం చూడండి, ఆ మెతుకులు వాళ్ళవి. మన శాస్త్రం పితరులకు రాతి ఇల్లు కట్టలేదు గానీ గదులు మాత్రం లెక్కగా వేసింది.

*

కొరియాలో ఆ ఇల్లు నిజంగానే కట్టారు. 1392లో ఇ సోంగ్‌గ్యే అనే సేనాని చోసన్ రాజ్యం స్థాపించాడు. చరిత్రలో ఆయన పేరు తేజో. ఇప్పుడు మనం సోల్ అంటున్న నగరాన్ని రాజధానిగా చేసుకుని ముందుగా కట్టించిన వాటిలో జోంగ్మ్యో ఒకటి. అది రాజవంశపు పితృమందిరం. 1394లో మొదలై 1395లో పూర్తయింది. రాజప్రాసాదానికి ఎడమన పితృమందిరం, కుడిన భూమికీ ధాన్యానికీ వేదిక ఉండాలని చైనా పాత గ్రంథాల నియమం. దాన్ని అక్షరాలా పాటించారు. మనిషి పుట్టుక పెద్దల వల్ల, బతుకు పంట వల్ల. రాజు సింహాసనం ఆ రెంటి మధ్యన ఉండాలని దాని భావం.

జోంగ్మ్యోలో ప్రధాన మందిరం జోంగ్‌జోన్. బొమ్మల్లో చూసినా ముందు ఆశ్చర్యం, ఆ తర్వాత కొంచెం నిరాశ కలుగుతాయి. మన గోపురాలకు అలవాటుపడిన కళ్ళు పైకి చూస్తాయి. ఇక్కడ చూడాల్సింది అడ్డంగా. వంద మీటర్ల పొడుగున ఒకే కప్పు, ఒకే వరస స్తంభాలు. కొరియా రాజభవనాల మీద కనిపించే రంగురంగుల అలంకరణ ఇక్కడ లేదు. ముందు విశాలమైన రాతి వేదిక, దాని మీద నునుపు చేయని పలకరాళ్ళు. ద్వారం నుంచి లోపలికి రాతి దారి. దాని నడిమి భాగం పితృదేవతలది, అక్కడ మనుషులు నడవకూడదు. రాజైనా పక్కనే నడవాలి.

మొదట్లో ఇందులో ఏడు గదులే. రాజులు పోతూ ఉన్నారు, మందిరం పక్కకు పెరుగుతూ వచ్చింది. 1592లో జపాన్ దండయాత్రలో కాలిపోయింది, 1608లో మళ్ళీ కట్టారు. 1726లో ఇంకొన్ని, 1836లో మరికొన్ని కలిపి చివరికి 19 గదులు చేశారు. పడమటి చివర గది తేజోది. అక్కడి నుంచి తూర్పుకి వంశం సాగుతుంది. ఇలా పొడుగుతోనే ఒక రాజ్యం వయసు చెప్పే కట్టడం నాకు తెలిసి ఇంకోటి లేదు.

అయినా అందరికీ చోటు లేదు. రాజుకైనా తరాల లెక్క ఉంది. మూలపురుషుడు ఎప్పటికీ ఉంటాడు, మిగతావాళ్ళు నాలుగు తరాలు దాటితే కదలాలి. అందుకే 1421లో పక్కనే యోంగ్న్యోంగ్‌జోన్ అనే రెండో మందిరం కట్టి అక్కడికి జరపడం మొదలుపెట్టారు. మరి ప్రధాన మందిరంలో 19 గదులు ఎందుకయ్యాయి? 'ఈయన చాలా గొప్పవాడు, ఈయన్ని జరపకూడదు' అని మినహాయింపులు ఇస్తూ పోయారు కాబట్టి. తండ్రిని పక్క ఇంటికి పంపడానికి ఏ కొడుక్కి మనసొప్పుతుంది! పదవి నుంచి దించేసిన యోన్సన్, గ్వాంగ్హే అనే ఇద్దరు రాజులకు మాత్రం ఈ రెండిళ్ళలోనూ చోటు దక్కలేదు.

గదిలో ఉండేది విగ్రహం కాదు, చెక్కపలక. దాని మీద పేరు, బిరుదులు. ఆత్మ వచ్చిపోవడానికి అందులో ఒక రంధ్రం. జోంగ్‌జోన్‌లో 49 పలకలు ఉన్నాయి, 19 మంది రాజులవి, 30 మంది రాణులవి. ఏటా మే నెల మొదటి ఆదివారం తేజో వంశీకులు ఇప్పటికీ క్రతువు జరుపుతారు. మూడుసార్లు మద్యం అర్పిస్తారు. సేజోంగ్ రాజు కాలంలో కూర్చి, 1464లో ఈ క్రతువుకు స్థిరపరచిన సంగీతం మోగుతుంది. ఎనిమిదేసి మంది చొప్పున ఎనిమిది వరసలు, మొత్తం 64 మంది చాలా నెమ్మదిగా నాట్యం చేస్తారు. మందిరం 1995లో, క్రతువూ సంగీతమూ 2001లో యునెస్కో గుర్తింపు పొందాయి.

*

ఎదురింటాయన బల్ల మీద ఫొటో ఎందుకు లేదో ఇక్కడ అర్థమైంది. పదకొండో శతాబ్దపు చైనా పండితుడు చెంగ్ యి ఒక మాట అన్నాడు: పటంలో ఒక్క వెంట్రుక తేడా వచ్చినా అది మీ నాన్న కాదు, ఇంకెవరో. ఆ ఇంకెవరికో మీరు దండం పెడుతున్నట్టు. కాబట్టి పటం వద్దు, పేరు రాసిన పలక చాలు. కన్ఫ్యూషియన్ పండితులు దీన్ని గట్టిగా పట్టుకున్నారు.

కానీ రాజులూ మనుషులే. పేరుతో తృప్తి కాలేదు, ముఖం కావాలి. అంతకు ముందరి కొర్యో రాజ్యంలో రాజుల పటాలను బౌద్ధాలయాల్లో పెట్టి పూజించేవాళ్ళు. చోసన్ వచ్చి బౌద్ధాన్ని పక్కకు నెట్టింది గానీ ఆ అలవాటు పోలేదు. తేజో పటాల కోసం ఐదు ఊళ్ళలో మందిరాలు వెలిశాయి. వాటిలో ఒకటి ఆయన వంశపు సొంత ఊరు జోన్జులో 1410లో వచ్చింది. దాని పేరు గ్యోంగ్గిజోన్.

ముందు ఎర్రటి కొయ్య తోరణం, ఆ తర్వాత రెండు ద్వారాలు, ఆపైన మందిరం. మందిరం మధ్యలోంచి ఒక మంటపం ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. రాజ సమాధుల దగ్గర కట్టే అర్చనశాలలదీ ఇదే ఆకారం. మంటపం ముందుభాగంలో పైన కొయ్య తాబేళ్ళు కనిపిస్తాయి. నీటి జీవాలు కాబట్టి నిప్పు నుంచి కాపాడతాయని నమ్మకం. కొయ్య ఇళ్ళకు అంతకన్నా పెద్ద భయం ఏముంటుంది!

లోపల తేజో నీలి రంగు అంగరఖాతో సింహాసనం మీద ఎదురుగా కూర్చుని ఉంటాడు. కుడి కనుబొమ్మ పైన చిన్న పుట్టుమచ్చ కూడా గీశారు. 'ఒక్క వెంట్రుక తేడా వచ్చినా' అన్న వాదాన్ని చిత్రకారులు సవాలుగా తీసుకున్నారన్నమాట. పటం వద్దనడానికి పుట్టిన మాట చివరికి పటం ఎలా గీయాలో చెప్పే సూత్రమైంది.

1592 యుద్ధంలో ఈ పటాన్నీ, ఆ ప్రాంగణంలోనే దాచిన రాజ్య చరిత్ర గ్రంథాలనూ అన్ ఉయి, సోన్ హోంగ్రోక్ అనే ఇద్దరు స్థానిక పండితులు కొండల్లోకి మోయించారు. ఆ గ్రంథాలకు నాలుగు ఊళ్ళలో నాలుగు ప్రతులుండేవి. మూడు నాశనమయ్యాయి, ఇదొక్కటే మిగిలింది. చోసన్ తొలి రెండు శతాబ్దాల గురించి ఇవాళ మనకు అంత వివరంగా తెలుస్తున్నదంటే ఆ మోత వల్లే. 1872లో పటం బాగా పాతబడితే అచ్చం అలాగే కొత్తది గీయించి, పాతదాన్ని శుద్ధి చేసి మందిరం వెనక పాతిపెట్టారు. మనం పాత విగ్రహాన్ని నీళ్ళలో కలిపినట్టే.

రాజధానిలో ఛాంగ్‌డోక్ ప్రాసాదంలో సోన్‌వోన్‌జోన్ అనే పటాల మందిరం ఉండేది. జోంగ్మ్యో రాజ్యానిదైతే ఇది కుటుంబానిది. ఆ తర్వాత కొరియా యుద్ధం వచ్చింది. పటాలను దక్షిణాన బుసాన్ రేవుకి తరలించి గిడ్డంగిలో పెట్టారు. యుద్ధం ముగిసింది. ఇంక వెనక్కి తేవడమే తరువాయి అనుకుంటుండగా 1954 డిసెంబర్‌లో ఆ గిడ్డంగి అంటుకుంది. ఐదు వందల ఏళ్ళ రాజుల ముఖాల్లో చాలావాటిని ఒక్క మంట తినేసింది. చోల్జోంగ్ రాజు పటం ఒక పక్కంతా కాలి, ముఖం మాత్రం మిగిలింది. జోన్జు దాటి వెళ్ళని తేజో పటం క్షేమం.

2020 తర్వాత జోంగ్‌జోన్‌కి మరమ్మతులు చేయాల్సి వచ్చినప్పుడు 49 పలకల్నీ తాత్కాలికంగా ఎక్కడ పెట్టారో తెలుసా? ఛాంగ్‌డోక్‌లో ఖాళీగా ఉన్న పాత పటాల మందిరంలో. ముఖాలు పోయిన ఇంట్లో పేర్లు నాలుగేళ్ళు తలదాచుకుని, 2025 ఏప్రిల్‌లో ఊరేగింపుగా తమ ఇంటికి వెళ్ళాయి.

*

మనకి ఇలాంటివి లేవా? ఉన్నాయి. శాతవాహనులు జున్నర్ దగ్గర నాణేఘాట్ కనుమలో గుహ తొలిపించి తమవాళ్ళ బొమ్మలు చెక్కించారు. శిముకుడు, శాతకర్ణి, నాగానిక, కుమారులు, ఒక్కొక్కరి తల మీద పేరు. బొమ్మలు పోయాయి, పేర్లు నిలిచాయి. భాసుడి ప్రతిమా నాటకంలో మేనమామ ఇంటి నుంచి తిరిగొస్తున్న భరతుడు అయోధ్య బయట ఒక ప్రతిమాగృహంలోకి వెళతాడు. దిలీపుడు, రఘువు, అజుడు, పక్కన తండ్రి. బతికున్నవాళ్ళకి ఇక్కడ బొమ్మలు పెట్టరని తెలిసి కుప్పకూలతాడు. తండ్రి చావు కబురు ఒక ఇంటి నియమం చెప్పింది.

తిరుమలలో ప్రతిమా మంటపం మనందరికీ తెలుసు. తిరుమలదేవి, చిన్నాదేవిలతో కృష్ణదేవరాయలు అక్కడే ఉన్నాడు. కానీ తేజోలా కూర్చుని పూజ అందుకోవడం లేదు, చేతులు జోడించి స్వామికేసి నిలబడి ఉన్నాడు. రాజు ముఖం నిలపడం రెండు చోట్లా ఉంది. ఎవరికి ఎవరు దండం పెడుతున్నారన్న దగ్గరే దారులు విడిపోయాయి.

నన్ను ఎక్కువ కదిలించింది మాత్రం నాగార్జునకొండ. మూడో శతాబ్దంలో అక్కడ విజయపురి రాజధానిగా ఇక్ష్వాకులు ఏలారు. తొలి రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన సోదరి శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యానికి దాత. ఆయన పోయాక, కొడుకు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో ఒక రాతి స్తంభం నిలబెట్టారు. దాని మీద రాజు జీవిత దృశ్యాలు, ప్రాకృత శాసనం. నిలిపింది కొడుకు కాదు. రాజు తల్లులు, అక్కచెల్లెళ్ళు, భార్యలు. రాణుల పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి.

అలాంటి రాళ్ళను అక్కడి శాసనాలు 'ఛాయాఖంభం' అన్నాయి. ఛాయాస్తంభం. నీడ నిలిచిన రాయి. మనం ఫొటోని ఛాయాచిత్రం అంటాం కదా, ఆ ఛాయే. కొరియాలోనూ పటానికి వాడే 'యోంగ్' అన్న మాటకు నీడ అనే అర్థం. విజయపురి లోయలో ఈ నీడలు రాజులకే కాదు. సేనానులకు, సైనికులకు, చేతిపనివారి మేస్త్రీకి కూడా నిలిచాయి. జోంగ్మ్యోలో ఒక వంశానికే ఇల్లు. ఇక్కడ పైకప్పు లేదు, గదుల లెక్క లేదు, ఒకరొస్తే ఇంకొకరు జరగనక్కర్లేదు.

జరగాల్సి వచ్చింది మరో రకంగా. నాగార్జునసాగర్ కింద లోయ మునుగుతుందని తెలిసి 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలై 1960 దాకా సాగాయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. దొరికిన శిల్పాల్నీ శాసనాల్నీ ఎత్తి కొండ మీదికి చేర్చారు, ఆ కొండే ఇప్పుడు దీవి. బుసాన్‌లో రాజుల ముఖాలు కాలిన 1954వ సంవత్సరంలోనే, ఇక్కడ మనవాళ్ళు పితరుల నీడల్ని నీళ్ళ నుంచి తప్పించే పనిలో పడ్డారు. అక్కడ నిప్పు గెలిచింది. ఇక్కడ నీరు మొత్తంగా గెలవలేదు.

*

రాళ్ళ సంగతి సరే. ఆ లోయలో ఊళ్ళు కూడా ఉండేవి.

తర్పణం అయిన వారానికి మాచర్లలో ఉన్న మా పెద్దమ్మకి ఫోన్ చేశాను. ఎనభై దాటింది, వినికిడి తగ్గింది. మూడోసారి గట్టిగా అడిగితే అర్థమైంది.

"మా అత్త అత్తగారా? ఆమె పేరు ఇప్పుడెందుకురా నీకు?"

"తర్పణంలో చెప్పాలి పెద్దమ్మా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. లైన్ పోయిందేమో అనుకున్నాను. తర్వాత పేరు చెప్పింది. "ఆమె పుట్టిల్లు నీళ్ళలో పోయిందిగా. కొండ కాడి ఊరు. ఊరు ఖాళీ చేసేనాటికి ఆమె లేదులే, ముందే పోయింది. ఫొటోనా? ఎక్కడిదిరా ఫొటో! మీ నాన్నకి మాత్రం ఆమె ముక్కేనని అనేవాళ్ళు."

అంటే ఆవిడ పుట్టింది ఛాయాస్తంభాల లోయలో. మేస్త్రీకి సైతం పదిహేడు వందల ఏళ్ళు నిలిచే నీడ దక్కిన చోట పుట్టి, నాలుగు తరాలు తిరక్కుండానే మునిమనవడి నోట్లో పేరు లేకుండా పోయింది. ఇందులో శాస్త్రం తప్పేం లేదు. అది నన్ను ఆమె పేరు అడగనే అడిగింది.

ఆ పేరు ఇక్కడ రాయను, ఇంటి విషయం. మా అమ్మాయి తన నోట్‌బుక్‌లో రాసుకుంది. రాసుకుని అద్దం ముందు నిలబడి ముక్కు చూసుకుంది.

ఎదురింటివాళ్ళు 2025 వేసవిలో సోల్ వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఆయనకి ఈ కథంతా చెబితే, వాళ్ళింట్లో కూడా కాగితం మీద అమ్మమ్మల, నాయనమ్మల దగ్గర ఇంటిపేరు మాత్రమే రాస్తారని, అసలు పేర్లు తనకూ తెలియవని అన్నాడు. వాళ్ళమ్మని అడుగుతానన్నాడు.

మీకు తెలుసా, మీ నాయనమ్మ అత్తగారి పేరు? చెప్పగలిగినవాళ్ళు ఇంట్లో ఇంకా ఉంటే, ఈ ఆదివారం ఒక ఫోన్ చేయండి.